మేడ మీది కిల్లీ గుడ్లు: సరుకు మంచిదే, చీటీతోనే పేచీ

విజయవాడ సత్యనారాయణపురంలో ఒక పాత ఇంటి మేడ మీద బోర్డు లేని చేపల దుకాణం ఉంది. దుకాణమనడం కూడా ఎక్కువే. రెండు గదులు, గోడ పొడవునా ఇనుప అరలు, వాటి మీద చిన్న చిన్న గాజు తొట్లు, మూలన ఒక టేకు బీరువా. నడిపే పెద్దాయన గూడ్సు రైళ్లలో గార్డుగా చేసి రిటైరయ్యారు. వీధిలో అందరూ గార్డుగారనే పిలుస్తారు కనుక నేనూ అలాగే రాస్తాను. ఆయన దగ్గర గోల్డ్‌ఫిష్ ఉండదు, ఫ్లవర్‌హార్న్ ఉండదు. ఇంటికి కలిసివచ్చే చేప ఏదని అడిగినవాళ్లకు మెట్లు దిగే దారి చూపిస్తారు. అక్కడ దొరికేది ఒకే రకం సరుకు: వానకు నిండే మడుగుల్లో పుట్టి, మడుగు ఎండేలోపు గుడ్లు పెట్టి చచ్చిపోయే కిల్లీ చేపలు. అవి కూడా ఎక్కువగా చేపలుగా కాదు, గుడ్లుగా. కాస్త చెమ్మ ఉన్న కొబ్బరిపొట్టులో గుడ్లు కలిపి, సంచిలో మూసి, ప్యాకెట్ మూడు వందల రూపాయలకు ఇస్తారు.

నాది గుంటూరు పట్నంబజారులో విత్తనాల కొట్టు. మిరప, పత్తి, కూరగాయలు. ఏ ప్యాకెట్ చేతికొచ్చినా ముందున్న బొమ్మ నాకు కనబడదు. వెనక్కి తిప్పి లాట్ నంబరు, పరీక్ష తేదీ, మొలక శాతం చూస్తాను. గార్డుగారి ప్యాకెట్‌నూ అలాగే తిప్పి చూశాను. ఆయన నవ్వారు, నేను నవ్వలేదు. తీర్పు ముందే చెప్పేస్తాను: గుడ్లు మంచివి, ధర న్యాయమైనది, మనిషి నికార్సయినవారు. ప్యాకెట్ మీది చీటీ మాత్రం దండగ. ఈ చేపల విషయంలో చీటీ సరిగా లేదంటే సగం సరుకు లేనట్టే. ఎందుకో తెలియాలంటే ముందు చేప సంగతి కొంత తెలియాలి.

టాంజానియా, కెన్యా, మొజాంబిక్, జింబాబ్వేల గడ్డిమైదానాల్లో వానలకు నిండి, కొన్ని వారాలకో నెలలకో ఎండిపోయే మడుగులుంటాయి. నోథోబ్రాంకియస్ అనే ప్రజాతి చేపలు వాటిలోనే బతుకుతాయి. మన కొర్రమీను, మార్పు చేపలైతే నీళ్లు తగ్గినప్పుడు బురదలోకి దిగి, గాలి పీల్చి, ఎలాగో గండం గట్టెక్కుతాయి. వీటికి ఆ విద్య లేదు. మడుగు ఎండితే పెద్ద చేపలన్నీ పోతాయి, ఒక్కటీ మిగలదు. మిగిలేవి మట్టిలో గుడ్లే. ఆ మట్టి కూడా ఏదైతే అది పనికిరాదు. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే బంకమట్టి ఉన్న చోటే ఈ చేపలు ఎక్కువగా కనిపిస్తాయి. మన నల్లరేగడి కూడా ఆ తెగదే. ఎండాకాలం పల్నాడు పొలాల్లో కాలు దిగబడేంత నెర్రెలు చూసినవాళ్లకు ఆ మడుగు అడుగు ఎలా ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు.

ఆ నేలలో గుడ్డు ఏం చేస్తుందన్నదే అసలు విశేషం. పిండం పెరుగుతూ పెరుగుతూ ఆగిపోతుంది. అలా ఆగడానికి మూడు మజిలీలున్నాయి. మొదటిది, కణాలు ఇంకా చెల్లాచెదురుగా ఉన్నప్పుడే. రెండోది, వెన్నూ గుండే రూపు కట్టడం మొదలయ్యాక, నడిమి దశలో. మూడోది, పిల్ల పూర్తిగా తయారై బయటికి రావడమే తరువాయి అన్నప్పుడు. అన్ని గుడ్లూ అన్ని మజిలీల్లోనూ ఆగవు. ఆగినవన్నీ ఒకేసారి కదలవు. మొదటి జల్లుకు మోసపోయి కొన్ని లేచి చచ్చినా, వెనక వచ్చే అసలు వానకు మరికొన్ని ఉంటాయి. లేచినవాటి తొందర మాత్రం చెప్పనలవి కాదు. నోథోబ్రాంకియస్ ఫుర్జెరి అనే రకం మొజాంబిక్ మడుగుల్లో, గుడ్డు నుంచి బయటపడ్డ 14 రోజులకే సంతానానికి సిద్ధమవుతుందని 2018లో పరిశోధకులు ప్రచురించారు. వెన్నెముక ఉన్న ప్రాణుల్లో ఇంత త్వరగా ఈడేరేది మరొకటి తెలియదు. అంత త్వరగానూ ముసలిదవుతుంది. అందుకే వృద్ధాప్యం మీద పనిచేసే ప్రయోగశాలలకు ఇప్పుడు అది ముద్దుల చేప.

ఇక కొనుగోలు. ముందుగా ఫోను చేసి వెళ్లాలి. మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా ఆయన పడుకుంటారు. ఆ వేళ మెట్లెక్కితే ప్యాకెట్‌తో పాటు చీవాట్లు ఉచితం. వెళ్లగానే అమ్మరు. కూర్చోబెట్టి, పిన్నిగారు ఇచ్చిన కాఫీ తాగేలోపు ప్రశ్నలు వేస్తారు. "ఏమ్మా, తొట్టి ఎన్ని లీటర్లు? నీళ్లు బోరువా, మునిసిపాలిటీవా? ఆర్టీమియా పొదిగించడం వచ్చా? ఊరెళితే మేత ఎవరు వేస్తారు?" ఆర్టీమియా అంటే చేపపిల్లలకు మేతగా వేసే సన్నటి ఉప్పునీటి రొయ్య. చివరి ప్రశ్న అందరికీ ఒకటే: "చేపలు ఎక్కువైతే ఏం చేస్తారు?" దానికి "చెరువులో వదిలేస్తామండీ" అన్న కుర్రవాణ్ణి నా ఎదుటే ఖాళీ చేతులతో పంపించారు. ఆ క్షణమే ఈ దుకాణం నాకు నచ్చింది. దోమల కోసమని అమెరికా జాతి చేప గంబూజియాను ఊరూరా కుంటల్లో వదిలాం. అది దోమపిల్లలతో పాటు మన చిన్న చేపల పిల్లలనూ మింగుతోంది. ఇంకో పరాయి చేపను కాలవలోకి పంపే హక్కు మూడు వందలకు రాదు.

గార్డుగారి అసలు ఆస్తి తొట్లు కాదు, రిజిస్టరు. బండి ఏ స్టేషనులో ఎన్ని గంటలకు ఆగింది, ఎందుకు ఆగింది, ఎప్పుడు కదిలింది అని ఉద్యోగమంతా రాసిన చెయ్యి అది. ప్రతి తొట్టికీ ఒక పేజీ. ఏ జత, ఏ తేదీన పొట్టు తీశారు, బీరువాలో ఏ అరలో పెట్టారు, మళ్లీ ఎప్పుడు తెరిచి చూశారు, గుడ్లలో కళ్లు ఎప్పుడు కనిపించాయి, అన్నీ ఉన్నాయి. చచ్చినవి ఎర్ర సిరాలో, పుట్టినవి నీలి సిరాలో. పేజీ తలకట్టున ఆ వంశం ఎక్కడి నుంచి వచ్చిందో కూడా ఉంది: చెన్నై కొళత్తూరులో ఒక పెంపకందారు దగ్గర తీసుకున్నది, ఆయనకు ఎవరి నుంచి వచ్చింది, ఏ ఏడు, మూలం ఏ ఊరి మడుగు. వ్యవసాయ శాఖవారు మా కొట్ల మీద చేసే తనిఖీ ఈ రిజిస్టరు మీద చేసినా వేలెత్తి చూపడానికి చోటుండదు.

నేను తీసుకున్నవి రెండు ప్యాకెట్లు. ఒకటి గుంథెరి, జాంజిబార్ దీవుల్లోని ఉంగుజా చేప. రెండోది రాచోవీ, మొజాంబిక్ చేప. కొత్తవాళ్లకు గుంథెరియే మేలు. ఓపికగా పెరుగుతుంది, పొట్టులో ఉంచాల్సిన కాలమూ తక్కువ.

మిరప పూలల్లో నల్ల తామరపురుగులు వెతకడానికి నా సంచిలో పది రెట్ల భూతద్దం ఒకటి ఉంటుంది. 2021లో ఆ పురుగు గుంటూరు మిరప తోటలను ఊడ్చేసినప్పటి నుంచి దాన్ని వదిలిపెట్టి ఎక్కడికీ కదలను. గార్డుగారి బల్ల మీదే చిటికెడు పొట్టు తెల్ల పింగాణీ పళ్లెంలో పరిచి, కిటికీ వెలుతురుకు పట్టి చూశాను. గుడ్డు మిల్లీమీటరు ఉంటుంది. పైపొర లేత తేనెరంగులో, లోపలిదంతా కనబడేట్టు ఉంది. పిల్ల తనచుట్టూ తానే చుట్టుకొని గుడ్డంతా నిండి ఉంది. రెండు కళ్లు నల్లగా, వాటి చుట్టూ సన్నటి బంగారు అంచు. పళ్లెం అంచును గోటితో తడితే ఒక గుడ్డులో ఆ కన్ను నెమ్మదిగా పక్కకు తిరిగింది. నీళ్లు లేవు, మడుగు లేదు, నెలల తరబడి బీరువాలో ఉన్న ప్రాణి నన్ను చూసింది. చచ్చిన గుడ్లు పాలిపోయి బూజు పట్టి ఉంటాయి. నా ప్యాకెట్‌లో అలాంటివి ఒకటీ అరా. కొనేవాళ్లు ఈ పరీక్ష అడగండి, ఆయన కాదనరు. కళ్లు రాని ప్యాకెట్ అయితే ఇంకా ఎన్ని వారాలు ఆగాలో ఆయనే చెబుతారు.

పొట్టు గురించి ఒక మాట. విదేశాల్లో పీట్ నాచు వాడతారు. గార్డుగారిది కోనసీమ కొబ్బరిపొట్టు, మేము మిరప నారు ట్రేల్లో నింపేదే. దానితో వచ్చే చిక్కు ఉప్పు. కడగకుండా వాడితే నారూ మాడుతుంది, గుడ్డూ చెడుతుంది. ఈయన మరిగించి, నీళ్లు మార్చి మార్చి కడిగి, ఆరబెట్టి వాడతారు. తడి కూడా సరిగ్గా ఉంది: పిడికిట్లో గట్టిగా నొక్కితే చుక్క రాలలేదు, వదిలితే విడిపోయింది. ఇంతకన్నా తడైతే బూజు, ఇంతకన్నా ఎండితే గుడ్డు సొట్టపోతుంది. ఈ పనికి పదికి పది మార్కులు.

ఇంటి దగ్గర పొదగడంలో కష్టం గుంటూరు వాతావరణంతోనే. గుంథెరికి పొట్టులో సుమారు మూడు నెలలు కావాలి, రాచోవీకి ఆరు నెలల పైమాటే. వేడిగా ఉంటే ఈ గడువు తగ్గుతుంది. అందుకే ఆయన ప్యాకెట్లను డాబా గదిలో కాక బీరువా అడుగు అరలో పెడతారు, మనమూ అలాగే చేయాలి. నీళ్లు పోసే రోజు మాత్రం నీళ్లు చల్లగా, పద్దెనిమిది డిగ్రీల ప్రాంతంలో ఉంటే పిల్లలు ఒక్కుమ్మడిగా లేస్తాయి. ఆ చల్లదనం మన కుళాయిలో డిసెంబరు, జనవరి తెల్లవారుజామున తప్ప దొరకదు. మిగతా కాలంలో సంచిలో కట్టిన మంచుముక్కలు నీటిలో తేల్చాలి. లోతు నాలుగు వేళ్లు చాలు. తెల్లవారి పోస్తే మధ్యాహ్నానికే పిల్లలు నీటి పై అంచున తచ్చాడుతూ కనిపించాయి. కళ్లు వచ్చిన గుడ్లలో సగానికి బాగా పైనే లేచాయి. మిరప విత్తనం 60 శాతం మొలిస్తే చట్టం సరేనంటుంది. ఆ కొలతకు గార్డుగారు తప్పలేదు. కొన్ని పిల్లలు గాలితిత్తి నిండక, ఈదలేక, అడుగునే పాకుతూ ఉండిపోయాయి. ఏ పెంపకందారు దగ్గరైనా ఇది తప్పదు. వాటి మీద ఆశ పెట్టుకోకూడదు, వాటి నుంచి సంతానమూ తీయకూడదు.

లేవని గుడ్లున్న పొట్టును పారేయకూడదు. మళ్లీ పిండి, ఆరబెట్టి, సంచిలో కట్టి ఉంచితే కొన్ని వారాల తరువాత తడిపినప్పుడు మరో విడత లేస్తాయి. ముందు చెప్పిన మజిలీల మహిమ ఇదే. ఈ ముక్క గార్డుగారు నోటితో చెబుతారు గానీ కాగితం మీద ఇవ్వరు. నాకు తెలిసిన ఒకాయన మొదటి విడత కాగానే మిగతా పొట్టును తులసికోటలో పోశారు.

మేత విషయంలో కోస్తావాళ్లం అదృష్టవంతులం. ఈ పిల్లలకు మొదటి రోజు నుంచే అప్పుడే పొదిగిన ఆర్టీమియా కావాలి. రొయ్య హేచరీల పుణ్యమా అని ఆ గుడ్ల డబ్బాలు బాపట్ల నుంచి నెల్లూరు దాకా దొరుకుతాయి. డబ్బా 425 గ్రాములు, ఇంట్లో వాడేవాళ్లకు మరీ పెద్దది. గార్డుగారు చిన్న సీసాల్లో పోసి అమ్ముతారు, ఆ సీసా ధర మాత్రం నాకు మింగుడుపడలేదు. నలుగురు కలిసి డబ్బా కొనుక్కుని పంచుకోవడం మేలు. గుంటూరు బోరు నీటి గట్టిదనం గురించి భయపడనక్కర్లేదు, ఈ చేపలు దాన్ని ఓర్చుకుంటాయి. కొద్దిగా కల్లుప్పు కూడా వేయాలి. లేకపోతే వెల్వెట్ అనే పరాన్నజీవి ఒంటి మీద పసుపు పొడి చల్లినట్టు వచ్చి రెండు మూడు రోజుల్లో తొట్టి ఖాళీ చేస్తుంది.

నెల తిరిగేసరికి మగ గుంథెరి రంగు దిద్దుకుంది. ఒళ్లు నీలం కలిసిన ఆకుపచ్చ, ప్రతి పొలుసుకూ ఎర్రటి అంచు, తోక నిండు ఎరుపు, దాని చివర సన్నటి నల్ల గీత. ఆడది బూడిదరంగు, మొహమాటంగా మూలన ఉంటుంది. మగవి రెండుంటే రోజంతా కొట్లాటే. గుంటూరు ఎండల్లో ఇవి ఆరేడు నెలలు బతికితే గొప్ప. చేప చచ్చిందని గార్డుగారికి ఫోను చేస్తే "గుడ్లు తీశావా?" అని తప్ప అయ్యో అనరు. ఆయనది కఠిన హృదయం కాదు, ఈ చేపతో లెక్కే అంత.

ఇప్పుడు చీటీ. నా ప్యాకెట్ల మీద ఉన్నది ఇంతే: ఒకదాని మీద "గుంథెరి", నెల, రెండోదాని మీద "రాచోవీ", నెల. అంతటితో సరి.

రాచోవీకి 1926లో ఆ పేరు పెట్టారు. అది బెయిరా రేవు పరిసరాల చేప. తరువాత దశాబ్దాల పాటు మొజాంబిక్‌లో ఉత్తరాన ఇంకెక్కడో దొరికినవాటినీ, దక్షిణాన దొరికే నల్లని రకాన్నీ పెంపకందారులు అదే పేరుతో పిలిచారు. 2010లో షిద్‌లోవ్‌స్కీ, వాటర్స్, విల్డెకాంప్ అనే ముగ్గురు వాటిని విడదీసి చూసి, రెండింటికి క్రిసనోవీ, పీనారీ అని కొత్త పేర్లు పెట్టారు. ఒక్క చేప మూడు చేపలైంది. పట్టిన ఊరి పేరును చీటీ మీద తరం నుంచి తరానికి మోసుకొచ్చినవాళ్లు ఆ రోజు చేయాల్సిందల్లా పాత పేరు కొట్టేసి కొత్త పేరు రాసుకోవడం. అందంగా ఉన్నాయి కదా అని అన్నీ ఒకే తొట్టిలో కలిపినవాళ్ల దగ్గర ఉన్నది ఏ చేపో ఎవరూ చెప్పలేరు. అందుకే ఈ చేపలు పెంచే లోకంలో జాతి పేరుతో ఆగరు. ఊరు, సంవత్సరం, సేకరణ నంబరు రాస్తారు. బెయిరా 98 అంటే ఒక వంశం. ఎంజెడ్‌ఎం 04-03 అంటే 2004లో మొజాంబిక్‌లో పట్టిన మరో చోటిది. రెండు మడుగుల చేపలను కలపకూడదన్నది మొదటి నియమం. ఫుర్జెరిలోనే జింబాబ్వే గొనరెఝౌ వంశం త్వరగా ముసలిదైపోతుంది, మొజాంబిక్ నుంచి వచ్చిన వంశాలు దానికన్నా ఎక్కువకాలం బతుకుతాయి. కలిపితే ఆ తేడా పోయినట్టే.

మా వ్యాపారంలో బ్రీడర్ విత్తనానికి బంగారు పసుపు చీటీ, మూల విత్తనానికి తెల్లది, ధ్రువీకరించినదానికి నీలిది ఉంటుంది. చీటీ లేని బస్తాలో ఎంత నిగనిగలాడే గింజ ఉన్నా అది తిండిగింజే. గార్డుగారి రాచోవీ మా ఇంటికి చేరేసరికి తిండిగింజ అయిపోయింది.

ఇదంతా పంతం కోసం రాయడం లేదు. ఈ చేపల సొంత మడుగులు ఒక్కొక్కటే పోతున్నాయి. 2019లో పేరు పెట్టిన నోథోబ్రాంకియస్ సిల్వాటికస్ అనే రకం కెన్యా దక్షిణ తీరంలో గొంగొని అడవిలోని తాత్కాలిక చిత్తడిలోనే ఉంది. దక్షిణ అమెరికాలో రివులిడే అనే వేరే కుటుంబపు చేపలు ఇదే బతుకు బతుకుతాయి. 2014లో బ్రెజిల్ ప్రకటించిన ముప్పులో ఉన్న చేపల జాబితాలో ఆ ఒక్క కుటుంబం నుంచే వందకు పైగా జాతులున్నాయి. వరిపొలాల కోసం నేల చదును చేయడం, కాలవ తవ్వి నీరు దింపేయడం, ఇళ్ల స్థలాలు, రోడ్లు, ఏవీ మనకు కొత్త కారణాలు కావు. కొల్లేరు పేరు చెబితే చాలు, మనకు చెరువు చేప పోతుందని అర్థమవుతుంది. మడుగు కథ వేరు. ఎండాకాలంలో సర్వేకు వచ్చినవాడికి అక్కడ కనిపించేది ఉత్త నెర్రెల నేల. చేప ఉందని కాగితంలో రాయాలంటే ఎవరైనా వానల్లో వచ్చి వల వేయాలి. నేల మీద మట్టి పోసి మూసేసినప్పుడు కింద ఉన్న గుడ్లన్నీ ఒక్కసారిగా పోతాయి. పారిపోవడానికి పక్క కాలవ కూడా ఉండదు.

మడుగు పోయాక మిగిలేది ఇళ్ల తొట్లలో ఉన్న వంశమే. అమెరికాలో పెంపకందారుల సంఘాలు కేర్స్ అనే పేరుతో ముప్పులో ఉన్న చేపలను ఇళ్లలో కాపాడే ఏర్పాటు నడుపుతున్నాయి. దానిలోనూ ఏది ఎక్కడిదన్నదే మూలం. తొట్టిలో చేప ఉన్నంత మాత్రాన మడుగు తిరిగి రాదు, అది వేరే పోరాటం. రేపు మడుగు బాగుపడి, చేపను తిరిగి పంపాలన్న రోజు వస్తే చీటీ లేని చేపను ఎవరూ తీసుకోరు.

ఈ మాటే గార్డుగారితో అన్నాను.

"రిజిస్టరులో ఉంది కదమ్మా."

"రిజిస్టరు మీ దగ్గర ఉంది గార్డుగారూ. చేప మా ఇంట్లో ఉంది."

ఆయన వాదన పూర్తిగా కొట్టిపారేసేది కాదు. వంశం నంబరు రాసి ఇస్తే కొందరు గుడ్లు తీసి, అదే నంబరు ఏ చేపకో తగిలించి రెట్టింపు ధరకు అమ్ముకున్నారట. "నా సంతకం మీద దొంగ సరుకు నడిచింది. అందుకే మానేశాను." నకిలీ విత్తనాల పేరుతో గుంటూరుకు వచ్చినంత చెడ్డపేరు మరే ఊరికీ రాలేదు. దొంగ చీటీలు ఉన్నాయని మేము చీటీలు మానేశామా? ఇంకా గట్టివి చేశాం. చాలాసేపు వాదించాక ఆయన రిజిస్టరు తెరిచి, రాచోవీ పేజీలో నుంచి బెయిరా 98 అన్న మాటా, ఆయన చేతికి వచ్చిన ఏడూ, తొట్టి నంబరూ నా ప్యాకెట్ మీద పెన్సిలుతో రాశారు. పెన్సిలే సరైనది, చెమ్మ తగిలితే సిరా అలుక్కుపోతుంది. అడిగినవాళ్లకు రాసిస్తానన్నారు. అడగనివాళ్లకు రాయరట. ఇది నాకు ఇంకా నచ్చలేదు, అందుకే ఒక నక్షత్రం తగ్గిస్తున్నాను.

అర నక్షత్రం మరో కారణానికి. కింది అరలో పక్కపక్కనే ఉన్న రెండు తొట్లకు మూత లేదు. ఒకదానిలో మామూలు గుంథెరి, పక్కదానిలో నీలం రంగు కోసం ఏరి పెంచినది. కిల్లీలు ఎగురుతాయి. ఎగిరి నేల మీద పడితే ఒక చేప పోతుంది. పక్క తొట్టిలో పడితే ఒక వంశం పోతుంది. ఇంత రిజిస్టరు రాసే మనిషి రెండు గాజు పలకలు ఎందుకు కోయించరో అర్థం కాదు.

పార్సిల్ సంగతి. ఆర్టీసీ పార్సిల్‌లో గుంటూరుకే కాదు, ఒంగోలు, ఏలూరు కూడా పంపుతారు. గుడ్లు దారిలో చెడతాయేమోనన్న బెంగ వద్దు. 2019లో బ్రెజిల్ పరిశోధకులు కాస్కొరోబా అనే హంస మేతలో 650 కిల్లీ గుడ్లు కలిపి పెట్టారు. రెట్టలో 5 చెక్కుచెదరకుండా దొరికాయి, ఒకటి పిల్ల కూడా అయింది. ఒక మడుగు నుంచి ఇంకో మడుగుకు ఈ చేప ఎలా వెళుతుందన్న ప్రశ్నకు అది ఒక జవాబు. హంస కడుపు దాటిన గుడ్డుకు బస్సు డిక్కీ ఒక లెక్క కాదు. వేసవిలో మాత్రం రాత్రి బస్సుకే వేయించండి.

పిల్లలకు పుట్టినరోజు కానుకగా అడిగేవాళ్లకు ఒక హెచ్చరిక. నీళ్లు పోస్తే చేప పుడుతుందని బొమ్మలా అమ్మాలని 1960ల మొదట్లో అమెరికాలో ఒకరు ప్రయత్నించారు. హులా హూప్ అమ్మిన వామ్-ఓ కంపెనీయే. ఇన్‌స్టంట్ ఫిష్ అని పేరు పెట్టి దుకాణాల నుంచి కుప్పలుగా ఆర్డర్లు తీసుకుంది. తీరా చూస్తే, చేపలు ఆర్డరుకు సరిపడా గుడ్లు పెట్టలేదు. సరుకు మూలన పడింది. గార్డుగారు కూడా నెలకు కొన్ని ప్యాకెట్లకు మించి ఇవ్వరు, ఇంకా కావాలని పట్టుబడితే "చేపనడగండి" అంటారు. రోజుకు రెండుపూటలా ఆర్టీమియా పొదిగే ఓపిక లేనివాళ్లు గప్పీలు కొనుక్కోవడం ఉభయులకూ క్షేమం.

మొత్తం మీద ఐదుకు మూడున్నర. చీటీ అందరికీ రాసి, ఆ రెండు మూతలు పెడితే ఐదూ ఇస్తాను. కొత్త రాచోవీ పొట్టు సంక్రాంతి తరువాత తెరుస్తానన్నారు. వెళ్లేవాళ్లు రిజిస్టరు పేజీ చూపించమని అడగండి, తలకట్టున ఉన్న వరుస మొత్తం ప్యాకెట్ మీద రాయించుకోండి. ఫోను చెల్లింపులు తీసుకోరు, బిల్లు ఇవ్వరు, ఐదు వందల నోటుకు చిల్లర ఉండదు.